రెండో తరగతిలో ఒక వారం: ఒక్కో బిడ్డకు దక్కే వంతు ఎంత?

ఆదోని చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పొద్దున పదింటికి ప్రాథమిక బడి పక్కగా నడిస్తే ఒకే రకం శబ్దం వినిపిస్తుంది. లోపల టీచర్ ఒక మాట అంటారు, పాతిక గొంతులు దాన్నే గట్టిగా తిరిగి అంటాయి. వినేవాళ్లకు చదువు జోరుగా సాగుతోందనిపిస్తుంది. తల్లిదండ్రులకూ అదే నమ్మకం. గొంతు వినపడని బడి గురించి ఊళ్లో గుసగుసలు మొదలవుతాయి కూడా. అయితే ఆ పాతిక మందిలో పుస్తకంలోని అక్షరం మీద కళ్లు పెట్టి చదువుతున్నది ఎంతమంది, పక్కవాడి నోరు చూసి అర సెకను వెనక అంటున్నది ఎంతమంది అన్నది బయటివాళ్లకు తెలియదు. చాలాసార్లు లోపలున్న టీచర్‌కూ తెలియదు.

వారం చివర ఎన్ని పాఠాలు అయ్యాయో డైరీలో ఉంటుంది. ఎంతమంది వచ్చారో, ఎంతమంది భోజనం చేశారో యాప్‌లో ఉంటుంది. ఒక్కో బిడ్డ తన నోటితో తానే ఎన్ని నిమిషాలు చదివింది, తన చేత్తో తానే ఎన్ని లెక్కలు చేసింది, చేసిన తప్పును ఎవరైనా చూసి దిద్దారా అన్నది మాత్రం ఏ రికార్డులోనూ ఉండదు. ప్రాథమిక తరగతుల్లో చదువు వచ్చేదీ రానిదీ ఎక్కువగా ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది కాబట్టి ముందు దాన్నే వేసి చూడాలి.

విద్యా హక్కు చట్టం (2009) ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు నాలుగు గంటలు, ఆరు రోజుల వారానికి 24 గంటలు. బడి తెరిచి ఉండేది అంతకంటే ఎక్కువసేపే. ప్రార్థన, హాజరు, రాగిజావ, మధ్యాహ్న భోజనం, ఆటలు పోగా పాఠానికి మిగిలేది ఇంచుమించు ఈ నాలుగు గంటలే.

ముప్పై మంది పిల్లలున్న తరగతికి పూర్తిగా ఒక టీచర్ ఉన్నారనుకుందాం. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు మూడింటికీ సమయం సమానంగా పంచితే తెలుగుకు రోజుకు 80 నిమిషాలు, వారానికి 480 నిమిషాలు వస్తాయి. అందులో సగం టీచర్ చెప్పడానికి, బోర్డు మీద రాయడానికి, అందరితో కలిపి అనిపించడానికి పోతుంది. మిగిలిన 240 నిమిషాలను ముప్పై మందికి పంచితే ఒక్కొక్కరికి దక్కేది వారానికి ఎనిమిది నిమిషాలు.

పల్లెల్లో ఎక్కువగా కనిపించేది ఇద్దరు టీచర్ల బడి. 60 మంది లోపు పిల్లలున్న చోట ఇద్దరు టీచర్లు ఉంటే చాలని చట్టమే అంటోంది. ఒకరు ఒకటి, రెండు, మూడు తరగతులు చూస్తే ఇంకొకరు నాలుగు, ఐదు చూస్తారు. రెండో తరగతిలో ఎనిమిది మందే ఉన్నారనుకుందాం. రోజు మొత్తంలోని 240 నిమిషాలు మూడు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి 80. అందులో తెలుగు వాటా 27 నిమిషాలు కూడా రాదు. వారానికి 160 నిమిషాలు, పాత లెక్క ప్రకారం సగం తీసేస్తే 80. ఎనిమిది మందికి పంచితే తలా పది నిమిషాలు. పిల్లలు తక్కువగా ఉంటే ఒక్కొక్కరి మీద శ్రద్ధ ఎక్కువగా ఉంటుందని అందరూ అనుకుంటారు గానీ ముప్పై మంది ఉన్న తరగతికీ ఎనిమిది మంది ఉన్న తరగతికీ తేడా రెండు నిమిషాలే.

ఇదీ ఏ ఆటంకమూ లేని వారం లెక్క. టీచర్ ఒక రోజు కాంప్లెక్స్ మీటింగుకు (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశం) పోతే, ఇంకో రోజు ఏదో సర్వే పని పడితే, యాప్‌లో పెట్టాల్సిన ఫొటోలు ఫోనులో ఎక్కకపోతే ఆ పది నిమిషాలు ఐదవుతాయి. మిగిలినవీ సమానంగా పంచబడవు. చెయ్యి ముందు ఎత్తేవాడికి, ముందు వరసలో కూర్చున్నవాడికి, టకటకా చదివి టీచర్‌ను సంతోషపెట్టేవాడికి ఎక్కువ వెళ్తాయి. తడబడే బిడ్డ చేత చదివిస్తే పీరియడ్ ఆగిపోతుంది కాబట్టి టీచర్ కూడా తెలియకుండానే ఆమెను దాటి పక్కకు వెళ్లిపోతారు. ఆ విధంగా వారమంతా బడికి వచ్చి కూడా ఒక్క వాక్యమైనా ఒంటరిగా చదవకుండా శనివారం ఇంటికి పోయే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు.

తెలుగు చదవడానికి ఎక్కువ సాధన ఎందుకు

ఇంగ్లీషులో 26 అక్షరాలు నేర్చుకుంటే గుర్తుపట్టవలసిన ఆకారాల పని దాదాపు అయిపోతుంది, ఆ తర్వాత కష్టమంతా స్పెల్లింగుతో. తెలుగులో కష్టం ముందే ఉంటుంది. యాభైకి పైగా అక్షరాలు, వాటి గుణింతాలు, ఆ పైన ఒత్తులు. ప, ఫ, ష, వ పక్కపక్కన పెడితే ఆరేళ్ల బిడ్డ కంటికి ఒకే ముద్దలా ఉంటాయి. మ, య కలిసిపోతాయి. ఎత్వానికీ ఏత్వానికీ, ఒత్వానికీ ఓత్వానికీ తేడా ఒక చిన్న మెలిక. ఒత్తుల దగ్గరికి వస్తే త, న, మ, య, ర ఒత్తులు తమ అసలు అక్షరాల్లా ఉండనే ఉండవు. పెద్దయ్యాక ఇదంతా మరిచిపోతాం గనుక రెండో తరగతి పిల్లకు ఇంకా చదవడం రాలేదంటే ఆశ్చర్యపోతాం.

మన లిపికి అతి దగ్గరి చుట్టం కన్నడ లిపి. కన్నడ పిల్లల మీద సొనాలి నాగ్ చేసిన పరిశోధనలో, అక్షరాల మీద పూర్తి పట్టు మొదటి ఏడాదితో ముగియదని, నాలుగో తరగతి దాకా పెరుగుతూనే ఉంటుందని తేలింది. ఆదోని, ఆలూరు, కోసిగి వైపు బడుల్లో కన్నడ ఇంటిభాషగా ఉన్న పిల్లలు కూడా ఉంటారు కాబట్టి ఈ సంగతి ఇక్కడివాళ్లకు రెండు రకాలుగానూ పనికొస్తుంది. ఒకటో తరగతిలోనే అక్షరాలన్నీ అయిపోయాయని డైరీలో రాసుకుని రెండో తరగతిలో పాఠాలకు దూకడం లిపి స్వభావానికే పొసగదు.

అక్షరాలు వచ్చినంత మాత్రాన సరిపోదు. వేగం కూడా కావాలి. 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేనాటికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. వినడానికి బాగానే ఉంది. కానీ తెలుగులో “వెళ్ళలేకపోతున్నారు” కూడా ఒక పదమే, హిందీలో దానికి నాలుగైదు పదాలవుతాయి. అన్ని భాషలకూ ఒకే సంఖ్య పెట్టడం కాగితం మీద సులువే గానీ, తెలుగు బిడ్డ 40 పదాలు చదివితే వెనకబడిందని ముద్ర వేయడం న్యాయం కాదు.

వేగం అవసరం మాత్రం నిజం. ఈ వాక్యం చూడండి: “పొద్దున్నే లేచి సద్ది మూట కట్టుకుని పత్తి చేనికి పోయిన అవ్వ సాయంత్రం దాకా ఇంటికి రాలేదు.” అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివే బిడ్డ “రాలేదు” దగ్గరికి వచ్చేసరికి ఎవరు రాలేదో మరిచిపోతుంది. పెద్దవాళ్లే ఒకసారికి నాలుగైదు విడివిడి విషయాలకు మించి మనసులో నిలుపుకోలేరని మనోవిజ్ఞాన పరిశోధనలు చెబుతున్నాయి. పిల్లలకు ఆ సామర్థ్యం ఇంకా తక్కువ. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి మొదట్లో చదివినదంతా అప్పటిదాకా పట్టుకుని ఉండాలి. ఉన్న శక్తి అంతా అక్షరాలు పోల్చుకోవడానికే అయిపోతే అర్థానికి చోటు మిగలదు. “చదువుతుంది గానీ అర్థం చెప్పదు” అని టీచర్లు అనేది ఈ పిల్లల గురించే. తెలివి లేక కాదు, నోరు తిరిగేంత సాధన దొరక్క.

ఆ సాధనకు వారానికి ఎనిమిది పది నిమిషాలు ఏ మూలకు? పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలో పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో ఇది 16.3 శాతం. పెరిగిన మాట నిజమే, అయినా ఇంకా నలుగురిలో ముగ్గురికి పైగా రెండో తరగతి వాచకం చదవలేకపోతున్నారు. దీనికి పాఠ్యపుస్తకాన్నో, టీచర్ల శిక్షణనో, ఇంగ్లీషు మీడియాన్నో కారణంగా చూపి చాలా చర్చలు జరుగుతాయి. ఒక్కో బిడ్డకు చదివే వంతు ఎన్ని నిమిషాలు దక్కుతోందన్న ప్రశ్న వాటిలో చాలా అరుదుగా వస్తుంది.

ఇంట్లో ఆ వంతు దొరుకుతుందా అంటే, చాలా ఇళ్లలో దొరకదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం, స్త్రీలలో సుమారు సగం. కోసిగి లాంటి మండలాల్లో అది ఇంకా చాలా తక్కువ. గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ పేరుపడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది 1883లో ఈ కర్నూలులోనే. ఆయన మొదలుపెట్టిన పని ఇక్కడే ఇంకా సగంలో ఉంది. పిల్ల చదివేది తప్పో ఒప్పో చెప్పగలిగే మనిషి ఇంట్లో లేనప్పుడు బడిలో దక్కిన నిమిషాలే ఆమెకు మొత్తం.

35 వెనక ఇద్దరు పిల్లలు

లెక్కల దగ్గర వంతు విలువ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బోర్డు మీద 52లోంచి 27 తీసేయమని ఇచ్చారనుకుందాం. జవాబు 25. ఇద్దరు పిల్లలు 35 వేశారు. టీచర్ ఇద్దరి నోటుబుక్కుల్లోనూ ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, బోర్డు మీద లెక్క మళ్లీ చేసి చూపిస్తారు. ఇద్దరూ దాన్ని చూసి రాసుకుంటారు.

మొదటి పిల్లవాడు 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి, 7లోంచి 2 తీసి 5 వేశాడు. తర్వాత 5లోంచి 2 తీస్తే 3. రెండో అమ్మాయి పక్క నుంచి పది అప్పు తెచ్చుకుంది, 12లోంచి 7 తీసి 5 సరిగ్గానే వేసింది, కానీ అప్పు ఇచ్చిన 5ను 4 చేయడం మరిచిపోయింది. తప్పు జవాబు ఒకటే, తప్పులు వేరు. మొదటివాడికి పదులు, ఒకట్లు అంటే ఏమిటో ఇంకా పట్టుబడలేదు. వాడి చేతికి పది పది కంది పుల్లలు కట్టిన కట్టలు ఇచ్చి, ఒక కట్ట విప్పించి ఏడు పుల్లలు తీయించాలి. రెండో అమ్మాయికి ఆ పుల్లలు అక్కర్లేదు, 5 కొట్టేసి పైన 4 రాసుకునే అలవాటు చేస్తే చాలు. ఇద్దరినీ కూర్చోబెట్టి బోర్డు మీద ఒకే లెక్క మళ్లీ చేసి చూపిస్తే ఎవరి జబ్బుకూ మందు పడదు.

ఈ తేడా తెలియాలంటే “ఎట్ల చేసినావు, చెప్పప్పా” అని అడిగి ఒక నిమిషం వినాలి. అంత సమయం లేదంటే ఇంకో లెక్క ఇవ్వొచ్చు. 53లోంచి 27 తీయమంటే తిరగేసేవాడు 34 అంటాడు, అప్పు మరిచిపోయేది 36 అంటుంది. ఒప్పు జవాబు 26. ఏ తప్పు ఏ జవాబుగా బయటపడుతుందో ముందే చూసుకుని లెక్క ఎంచుకుంటే పీరియడ్‌లో చాలా సమయం మిగులుతుంది. పాఠ్యపుస్తకం అభ్యాసాలు మాత్రం ఆ చూపుతో రాసినవి కావు.

ఇక్కడి పిల్లల్లో చాలామందికి డబ్బు లెక్క బడికి రాకముందే వస్తుంది. పత్తికొండ టమాటా మార్కెట్ దగ్గర, సంతల్లో, ఊరి అంగడిలో చిల్లర లెక్కపెట్టే ఎనిమిదేళ్ల పిల్లవాడు అదే తీసివేత కాగితం మీద చేయలేకపోవచ్చు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలతో చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అంగడిలో క్లిష్టమైన లెక్కలు నోటితో చేసిన పిల్లలు బడి పద్ధతిలో ఇచ్చిన మామూలు లెక్కల దగ్గర తడబడ్డారు. బడిలో లెక్కలు బాగా చేసే పిల్లలు అంగడి లెక్కల దగ్గర తడబడ్డారు. ఒక చోట వచ్చింది ఇంకో చోటికి దానంతట అది నడిచి రాదన్నమాట. అంగడిలో ఎట్ల చేస్తావో చెప్పమని, దాన్నే పలక మీద రాయమని తరగతిలో ఎవరైనా అడిగితే తప్ప ఆ రెండూ కలవవు. అలా అడగడానికీ వంతు కావాలి.

ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నామన్నది కూడా ఇందులో భాగమే. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు తరగతి గదులను రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. ఇంటిభాష ఉర్దూయో, కన్నడో, తుగ్గలి, పత్తికొండ వైపు తండాల్లో మాట్లాడే సుగాలి భాషో అయిన బిడ్డకు ప్రశ్న ముందు మనసులో తన భాషలోకి మారాలి, జవాబు మళ్లీ తెలుగులోకి రావాలి. ఆ బిడ్డకు ఒక్క సెకను ఇవ్వడం అంటే ఏమీ ఇవ్వకపోవడమే. మూడు సెకన్ల మౌనం టీచర్‌కు మాత్రం యుగంలా అనిపిస్తుంది, వెనక కూర్చుని ఎవరైనా అధికారి చూస్తుంటే మరీ.

అందరూ కలిసి అనడం దండగని కాదు. పద్యాలకు, పాటలకు, ఎక్కాలకు అది బాగా పనిచేస్తుంది. వేమన పద్యం పదిమంది గొంతుతో కలిస్తే బెరుకున్న బిడ్డ కూడా నోరు విప్పుతుంది, లయే మాటలను మోసుకెళ్తుంది. కానీ కళ్లతో చూసి పోల్చుకోవలసిన పనిని గొంతులకు అప్పగించడంతో చిక్కు వస్తుంది. వాచకం పాఠం నాలుగుసార్లు కలిసి అంటే పిల్లలకు నోటికి వచ్చేస్తుంది, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అప్పజెప్పేస్తారు. ఇంగ్లీషు పీరియడ్‌లో ఇది ఇంకా ఎక్కువ. ఒక వైపు ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాక అర్థం చెప్పడం టీచర్‌కు సులువైంది గానీ, ఇంగ్లీషు వాక్యాన్ని బిడ్డ సొంతంగా చదివే అవకాశం దానివల్ల పెరగలేదు.

వంతులు పెంచే పద్ధతులు

టీచర్ల సంఖ్య పెరగాలి, అందులో సందేహం లేదు. అది జరిగేదాకా ఉన్న సమయంలోనే వంతులు పెంచడానికి దారులున్నాయి, అవి కొత్తవేమీ కావు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పల్లె బడుల కోసం తయారైన పద్ధతిలో ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలు కార్డుల సాయంతో ఎవరి మెట్టు దగ్గర వాళ్లు పని చేసుకుంటారు, టీచర్ అవసరమైన గుంపు దగ్గర కూర్చుంటారు. తర్వాత తమిళనాడు దాన్ని రాష్ట్రమంతా తీసుకుంది. దాన్ని పూర్తిగా నడపాలంటే కార్డులు, శిక్షణ, ఓపిక కావాలి. ఏమీ ఖర్చు లేనిది జంట చదువు.

ముప్పై మందిని పదిహేను జంటలు చేసి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు వేలు పెట్టి చూస్తూ వినాలి, తర్వాత మారాలి. ఇరవై నిమిషాల్లో ఒక్కొక్కరికీ పది నిమిషాలు వస్తాయి. వారమంతా కలిపినా టీచర్ దగ్గర దొరకని వంతు ఒక్క పూటలో దొరికిందన్నమాట. రోజూ చేస్తే వారానికి అరవై నిమిషాలు.

ఇందులో లోపాలూ ఉన్నాయి. ఇద్దరికీ రాని అక్షరం తప్పుగానే ఉండిపోతుంది. బాగా చదివేవాడిని అసలు రానివాడి పక్కన కూర్చోబెడితే రెండో రోజుకే చదివేవాడు మొత్తం తానే చదివేస్తాడు, రెండోవాడు కిటికీలోంచి చూస్తుంటాడు. జంటలో తేడా ఒకటి రెండు మెట్లకు మించకుండా చూసుకోవాలి. అసలు అక్షరాలే పట్టుబడని నలుగురైదుగురిని జంటల్లో పెట్టకుండా ఆ ఇరవై నిమిషాలూ టీచర్ తన దగ్గరే కూర్చోబెట్టుకోవడం మేలు. మిగతా గది తన పని తాను చేసుకుంటోంది కాబట్టి ఇప్పుడు అది సాధ్యమవుతుంది. ఇదే దీని అసలు లాభం. గోల మాత్రం తప్పదు. ఆ గోలను చూసి క్రమశిక్షణ లేదని హెడ్మాస్టరో, తనిఖీకి వచ్చినవాళ్లో అంటారన్న భయంతోనే చాలామంది టీచర్లు దీన్ని పక్కన పెడతారు. పదిహేను జంటలు పదిహేను వేర్వేరు వాక్యాలు చదివే గోల, ఒకే వాక్యాన్ని ముప్పై మంది అరిచే శబ్దంకన్నా చదువుకు దగ్గరగా ఉంటుందని తనిఖీ చేసేవాళ్లకు కూడా తెలియాలి.

పలక సంగతీ అంతే. మార్కాపురం పలకలు తెలియని తెలుగు బడి ఒకప్పుడు లేదు. ఇప్పుడు ఒకటో తరగతి నుంచే నోటుబుక్కులు వచ్చి పలక వెనక్కి పోయింది. నోటుబుక్కు దిద్దడానికి సాయంత్రం పడుతుంది. పలక మీద జవాబు రాసి ఒకేసారి పైకెత్తమంటే ఎవరు 25 వేశారో ఎవరు 35 వేశారో టీచర్‌కు ఐదు సెకన్లలో కనిపిస్తుంది. తప్పు చెరిగిపోతుంది గనుక పిల్లలకూ టెన్షన్ ఉండదు.

ఇక వారం ఆకారం. మరపు మీద 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ ప్రచురించిన ప్రయోగాల నుంచి ఇప్పటిదాకా తేలింది ఒకటే: నేర్చుకున్నది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుంది, మధ్యమధ్యలో గుర్తు తెచ్చుకుంటే నిలుస్తుంది. మన బడుల్లో శుక్రవారంతో పాఠం ముగిసి, సోమవారం కొత్త పాఠం మొదలవుతుంది. శనివారం పుస్తకాల సంచి తేవక్కర్లేదన్న నియమం వచ్చాక ఆ రోజు ఆటపాటలకు పోతే, శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా అక్షరం ముట్టుకోని బిడ్డలు చాలామంది. సంచి లేకపోవడం మంచిదే. కథల పుస్తకాలకు సంచి అక్కర్లేదు, అవి బడి అలమరలోనే ఉంటాయి. చాలా చోట్ల చిరిగిపోతాయని తాళం వేసి ఉంచుతారు. శనివారం ఆ తాళం తీసి గంటసేపు జంటల్లో చదివించినా రెండున్నర రోజుల ఖాళీ రెండు రోజులకు తగ్గుతుంది. సోమవారం మొదటి పీరియడ్ కొత్త పాఠం ఎత్తకుండా పోయిన వారం నేర్చినదాన్ని పుస్తకం చూడకుండా పలక మీద రాయిస్తే, ఎవరి దగ్గర ఏమి మిగిలిందో తెలుస్తుంది. మిగతా వారం అక్కడి నుంచి నడపాలి.

వారం ప్రణాళిక మొత్తం హాజరు దగ్గర కూలిపోయే కాలం ఒకటుంది. అక్టోబరు నుంచి పత్తి తీత మొదలవుతుంది. అమ్మానాన్నలు చేనికి పోతే పెద్ద పిల్ల చిన్న తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంటి దగ్గర ఆగుతుంది, కొందరు చేనికే పోతారు. ఆ తర్వాత సుగ్గి, అంటే పంట కోతల కాలం. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలు కదులుతాయి. పిల్లలను ఊళ్లో ఉంచడానికి సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు, అవ్వాతాతల దగ్గర వదిలి పోయేవాళ్లూ ఉన్నారు, కానీ వెంట తీసుకుపోయేవాళ్లు ఆగలేదు. వారంలో మూడు రోజులే వచ్చే బిడ్డకు వంతు దక్కే అవకాశం సగం కంటే ఇంకా తక్కువ. వచ్చిన రోజు ఏ పేజీ నడుస్తోందో ఆమెకు తెలియదు, చదవమంటే తడబడుతుంది, తడబడేవాళ్లను దాటి పోయే అలవాటు ముందే ఉంది. రాని రోజులకు తోడు, వచ్చిన రోజులు కూడా లెక్కలోంచి పోతాయి. మూడో తరగతికి వచ్చేసరికి ఆ అమ్మాయికి బడి అంటే వెనక వరసలో కూర్చుని పెదాలు కదపడం.

దీనికి హాజరు పట్టీ పక్కన ఇంకో వరస చాలు. ఎవరు ఈ వారం ఒంటరిగా చదివారో పేరు ఎదురుగా ఒక టిక్కు. గురువారానికి ఖాళీగా ఉన్న పేర్లు శుక్రవారం మొదట చదవాలి. మూడు రోజులు రాకుండా ఈరోజు వచ్చిన బిడ్డ అన్నిటికంటే ముందు. దీనికి యాప్ అక్కర్లేదు, పొరపాటున యాప్‌లో పెడితే చదివించకుండానే టిక్కులు పడతాయి. టీచర్ సొంత పుస్తకంలో ఉంటేనే అది నిజంగా ఉంటుంది.

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఉదయం ఏడుముప్పావు నుంచి పన్నెండున్నర దాకా. రాయలసీమ ఎండకు అది తప్పదు. సమయం తగ్గినప్పుడు మామూలుగా ముందు పోయేది పిల్లలతో చదివించడం, పలక లెక్కలు. మిగిలేది బోర్డు మీది ప్రశ్నజవాబులు చూసి రాసుకోవడం, పరీక్షలు దగ్గరపడుతున్నాయి కాబట్టి. రెండో తరగతి పిల్లలు చదవలేని వాక్యాలను బొమ్మ గీసినట్టు గీస్తూ రోజుకు ముప్పావు గంట గడుపుతారు. ఒంటిపూట వారంలో కోత పెట్టాల్సింది దానికే. ఆ ముప్పావు గంటలో రెండు విడతల జంట చదువు పడుతుంది.